నాలుగో కాయిల్

మొగుడి మీద చెప్పుకోవడానికి లోకంలో ప్రతి ఇల్లాలికీ ఏదో ఒకటి ఉంటుంది. ఒకరి మొగుడు పేకాడతాడు, ఒకరి మొగుడు గురక పెడతాడు, ఒకరి మొగుడు చుట్టాలొస్తే గదిలోంచి బయటికి రాడు. ఈ ఇల్లాలికి అంత అదృష్టం లేదు. ఆమె భర్త వాసన చూస్తాడు. పాలు వాసన చూస్తాడు, ఉతికిన తువ్వాలు వాసన చూస్తాడు, పక్కింటివాళ్ళు తిరిగిచ్చిన గొడుగు కూడా వాసన చూస్తాడు. అంతటితో ఆగితే సర్దుకుపోవచ్చు. చెడిపోయిన మోటారుసైకిలు సామాను తెచ్చి భోజనాల బల్ల మీద, సరిగ్గా కూరగిన్నె పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని మరీ వాసన చూసి తీర్పు చెబుతాడు. ఆ తీర్పు మీద పైకోర్టు లేదు.

ఆ శుక్రవారం సాయంత్రం బల్ల మీదికి వచ్చినవి మూడు ఇగ్నిషన్ కాయిళ్ళు. మూడూ చచ్చినవే. నల్లగా, గుప్పిట్లో పట్టేంత ఉండి, ఒక్కొక్కదానికీ పొడుగాటి వైరు తోకలా వేలాడుతోంది. ఒకదాని పొట్ట పగిలి, లోపలి తారు బయటికి కారి గడ్డకట్టింది.

ఆయన మూడింటినీ వరసగా పేర్చి, మూడింటినీ వాసన చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"డూప్లికేట్," అన్నాడు.

"ఏది?" అంది ఇల్లాలు.

"మూడూ. మీ అన్నయ్య మనకి డూప్లికేట్ సరుకు అంటగట్టాడు."

ఇల్లాలి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కూర గిన్నెలోకి కాక బల్ల మీదికి కారింది. ఆయన దాన్ని కూడా గమనించి, కాయిళ్ళను కొంచెం పక్కకు జరిపాడు.

ఇక్కడ బండి గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. అది ఆమెకన్నా ముందే ఆ ఇంటికి కాపురానికొచ్చింది. పాతకాలపు బండి. ఇప్పటివాటిలా అంతా ఎలక్ట్రానిక్ వ్యవహారం కాదు, బ్యాటరీ, కరెంటును కలిపి తెంపే పాయింట్లు, కాయిలు. బ్యాటరీ ఇచ్చే కాస్త కరెంటును వేల వోల్టులు చేసి ప్లగ్గుకు పంపేది కాయిలే. అది బాగుంటే నిప్పురవ్వ పుడుతుంది, లేకపోతే ఆ బండి బట్టలారేసుకోవడానికి పనికొచ్చే ఇనుప సామాను. పెళ్ళికి ముందునుంచీ ఒక్క కాయిలుతో నడిచిన ఆ బండి, ఈ నాలుగైదు నెలల్లో వరసగా మూడింటిని మింగింది.

మొదటిదాని మీద అనుమానం వచ్చినప్పుడు ఆయన శాస్త్రీయంగా పరీక్ష చేశాడు. ప్లగ్గు క్యాపు ఊడదీసి, వైరు కొస చేత్తో పట్టుకుని, కిక్కు కొట్టమని ఇల్లాలికి చెప్పాడు. ఆమె కొట్టింది. ఆయన గోడ దాకా ఎగిరి, కింద కూలబడి, జుట్టు సర్దుకుంటూ, "కాయిలు బ్రహ్మాండంగా ఉంది" అని తీర్పు చెప్పాడు. మర్నాడే అది చచ్చింది. తర్వాత రెండూ ఇల్లాలి అన్నయ్య కొట్టులో కొన్నవి. మొదటిది కూడా నాలుగేళ్ళ కిందట అక్కడ కొన్నదేనని ఆయనకు ఇప్పుడు అకస్మాత్తుగా గుర్తొచ్చింది. ఆ బండికి నాలుగేళ్ళ కిందట ఎవరూ కాయిలు మార్చలేదు. కానీ తీర్పు వచ్చాక సాక్ష్యాలు వాటంతటవే నడిచొస్తాయి.

"మా అన్నయ్య డూప్లికేట్ అమ్మడు," అంది ఇల్లాలు.

"అమ్మడని ఆయన బోర్డు పెట్టుకున్నాడు. బోర్డు పెట్టుకున్నవాడి మీదే అనుమానం రావాలి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు."

"అదేం మాట్రా?" అంది అత్తగారు వంటగదిలోంచి. "ఆ అబ్బాయి మొహం చూస్తే తెలియదూ? అబద్ధం చెబితే చెవులు ఎర్రబడిపోతాయి."

"అమ్మా, నువ్వు చెవులు చూస్తున్నావ్. నేను కాయిళ్ళు చూస్తున్నాను. రేపు శనివారం, సగం రోజు సెలవు. ఈ మూడూ పట్టుకెళ్ళి ఆయన కౌంటర్ మీద పెడతాను. ఆయన ముందే రోడ్డు దాటి ఎదురుకొట్లో కొంటాను."

చెడామడా తిట్టినా అన్నయ్య పడేవాడు. రోడ్డు దాటడమే ప్రాణాంతకం. సామాన్ల వీధిలో ఒక కొట్టు నిలబడేది మాట మీద. చెల్లెలి మొగుడే, సొంత బావే, బావమరిది కళ్ళ ముందు రోడ్డు దాటి ఎదురుకొట్టు మెట్లెక్కితే, ఇక ఆ వీధిలో నోరు తెరిచి ఎవరూ ఏమీ అనక్కర్లేదు. ఏ మెకానిక్కూ మళ్ళీ ఆ గుమ్మం తొక్కడు. ఆపైన అన్నయ్య ఈ గుమ్మం తొక్కడు. పుట్టింటి తరఫున ఆమెకు మిగిలింది, ఆదివారం ఆదివారం వచ్చి టీ తాగి వెళ్ళే ఆ ఒక్క మనిషే.

*

శనివారం బస్సులో వెళ్ళారు. మూడు కాయిళ్ళూ సంచిలో, సంచి ఆయన ఒళ్ళో, పసిపిల్లను పట్టుకున్నంత జాగ్రత్తగా.

అన్నయ్య కొట్టు ఇరుకు. గోడల నిండా అట్టపెట్టెలు, పైనుంచి వేలాడే కేబుళ్ళు, టైరు ట్యూబులు, అద్దాల కౌంటర్ వెనక అన్నయ్య. అతని తలపైన చేత్తో రాసిన బోర్డు: డూప్లికేట్ అడగవద్దు. బేరం ఆడవద్దు. అద్దం మీద ఆనుకోవద్దు. ఆ మూడోదాన్ని తప్ప మిగతా రెంటినీ వీధంతా పాటిస్తుంది.

"రా బావా, రా!" అన్నాడు అన్నయ్య. "చెల్లాయ్, ఎండలో పడి వచ్చారేంటి? బండేమైంది? ఉండండి, టీ చెబుతాను."

ఆయన కాయిళ్ళు ఒక్కొక్కటీ తీసి అద్దం మీద పెట్టాడు. కౌంటర్ మీద ఆనుకున్న ఇద్దరు మెకానిక్కులు కొంచెం పక్కకు జరిగారు.

"ఇవేంటి బావా?"

"నువ్వే చెప్పాలి."

అన్నయ్య తారు కారినదాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "అబ్బా. ఉడికిపోయింది. లోపలినుంచి ఉడికింది ఇది."

"ఒరిజినల్ అయితే ఉడుకుతుందా?"

అన్నయ్య నవ్వబోయాడు. సగం నవ్వులో ఆయన మొహం చూసి ఆగిపోయాడు. మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక అతని మొహంలో రక్తం చుక్క లేదు. చెవులు మాత్రం మామూలు రంగులోనే ఉండటం ఇల్లాలు గమనించింది.

"నేను నీకు దొంగ సరుకు ఇచ్చానంటావా బావా?"

"నేననడం లేదు. కాయిళ్ళు అంటున్నాయి."

మెకానిక్కుల్లో ఒకడు దగ్గాడు. రెండోవాడు చాలా శ్రద్ధగా ఒక నట్టును పరిశీలించడం మొదలుపెట్టాడు. అన్నయ్య తనను తాను కూడదీసుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఇంజను ఆపేసి తాళం మాత్రం ఆన్‌లో ఉంచేస్తున్నావా ఎప్పుడైనా? పాతబండి కదా. ఇంజను తిరుగుతుంటే కాయిలుకి కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, దానికి ఊపిరాడుతుంది. ఇంజను ఆగి తాళం ఆన్‌లో ఉంటే, పాయింట్లు మూసుకుని ఉన్నాయంటే, కరెంటు ఆగకుండా పోతూనే ఉంటుంది. ఇస్త్రీపెట్టె ఆన్‌లో పెట్టి మర్చిపోయినట్టే. ఇక ఒరిజినల్ అయినా ఒకటే, డూప్లికేట్ అయినా ఒకటే. ఉడికి చస్తుంది."

"అంటే తప్పు నాదంటావ్."

"తప్పని కాదు బావా, అడుగుతున్నానంతే."

"బండి దిగీ దిగగానే తాళం తీసి గోడ మేకుకి తగిలించే మనిషిని నేను. ఇదిగో, నీ చెల్లెలే ఉంది. దాన్నే అడుగు. నేను తాళం బండికి వదిలేసిన రోజు ఒక్కటుందేమో చెప్పమను."

అందరూ ఇల్లాలి వైపు చూశారు. ఆమె అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించింది. కానీ ఆ విషయంలో ఆయన మహానుభావుడు. దీపం ఆర్పడం, కుళాయి కట్టడం, తాళం తియ్యడం, ఈ మూడింటిలో ఆయన్ను వేలెత్తి చూపలేం.

"మర్చిపోరన్నయ్యా," అంది. "ఎప్పుడూ మర్చిపోరు."

తన నోటితోనే అన్నయ్యకు మిగిలిన ఒక్క దారినీ మూసేసింది. అన్నయ్య తలూపాడు. కౌంటర్ వెనక అటు తిరిగి, కదపక్కర్లేని పెట్టెల్ని కదపసాగాడు.

ఆయన కొట్టు మెట్లు దిగి, కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, రోడ్డు దాటాడు. ట్రాఫిక్ నియమాలు పాటించడంలో కూడా ఆయన్ను వేలెత్తి చూపలేం. ఎదురుకొట్టాయన అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉన్నాడు. స్టూలు బయటికి వచ్చింది, టీ వచ్చింది, కౌంటర్ మీదికి కాయిళ్ళు వచ్చాయి. వీధి ఇవతలినుంచే ఇల్లాలికి అంతా కనిపిస్తోంది. ఆయన ఒకటి తీశాడు, పక్కన పెట్టాడు, ఇంకోటి తీశాడు. ఎర్ర చీటీ అంటించిన, తళతళలాడేది ఒకటి ఎంచుకుని, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఈలోపు వీధిలో ఎన్ని కొట్ల గుమ్మాల్లో ఎన్ని తలలు మొలిచాయో ఆమె లెక్కపెట్టదలచుకోలేదు.

"నువ్వెళ్ళు చెల్లాయ్," అన్నాడు అన్నయ్య, వెనక్కి తిరక్కుండానే. "ఆయన ఒక్కడే ఉన్నాడు అక్కడ."

"అన్నయ్యా, ఆయన సంగతి నీకు తెలుసుగా..."

"నాకు తెలుసు. వీధికి తెలియదు." ఇంకో పెట్టె జరిపి, "రేపటినుంచి ఆదివారాలు ఎదురుచూడకు. రాలేను," అన్నాడు.

*

ఎర్ర చీటీ కాయిలుతో బండి మొదటి కిక్కుకే లేచింది. ఆదివారమంతా ఆయన దాని మీద వీధులు తిరిగాడు. పాలకు వెళ్ళాడు, పేపరుకు వెళ్ళాడు, ఏమీ కొనకుండా కూరగాయల బజారుకు వెళ్ళొచ్చాడు. మధ్యమధ్య ఫోనులో చిన్నాన్నకు, మేనత్త కొడుక్కు, ఆఫీసు గుమాస్తాకు, "కాయిలంటే ఇదీ! మనవాడని మొహమాటపడితే ఇంతే సంగతులు" అని చెప్పుకున్నాడు. కొత్త కాయిలు లోకానికి కనపడాలని ట్యాంకు కింది పక్కమూత కూడా బిగించలేదు.

మధ్యాహ్నం అన్నయ్య వచ్చే వేళ అయింది, దాటింది. ఇల్లాలు పెట్టిన టీ నీళ్ళు మరిగి మరిగి అడుగంటాయి.

"మీ అన్నయ్య రాలేదేమే?" అంది అత్తగారు.

"రాడు అత్తయ్యా."

అత్తగారు కొడుకు వైపు చూసింది. కొడుకు పేపరు పైకెత్తుకున్నాడు.

సోమవారం ఆయన ఎప్పటిలా ఆఫీసు బస్సెక్కాడు. ఇప్పుడు ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంతవరకు ఎందుకు చెప్పలేదంటే, ఆ ఇంట్లో ఎవరూ దాన్ని చెప్పుకోదగ్గ సంగతి అనుకోరు కనుక.

మామగారు రిటైరయ్యాక మేడమీది గదికి మకాం మార్చి, అగ్గిపుల్లలతో ఓడలు కడుతున్నారు. ఆయనకు చెముడు. కిందినుంచి ఎంత పిలిచినా వినపడదు, మెట్లెక్కి పిలవడానికి అత్తగారి మోకాళ్ళు ఒప్పుకోవు. కాలింగ్ బెల్ పెట్టించమని ఇల్లాలు అడిగింది. భర్తగారు నవ్వారు. ఆయన ఒక పెద్ద ఆఫీసులో, వచ్చిన కాగితాలు తీసుకునే సెక్షనుకు సూపరింటెండెంటు. ఏ కాగితమైనా వచ్చిందని ముద్ర పడితేనే వచ్చినట్టు, లేకపోతే ఎదురుగా పడి ఉన్నా రానట్టే. ఆయన ఇంటికి కూడా అదే పద్ధతి తెచ్చారు. మధ్యాహ్నం భోజనం వేళకు ఎవరో ఒకరు మేకుకున్న తాళం తీసి, వసారాలో ఉన్న బండికి పెట్టి, ఆన్ చేసి, హారను రెండుసార్లు కొట్టాలి. ఆ హారను బధిరులకైనా వినపడుతుంది. కొట్టినవాళ్ళు తాళం అలాగే వదిలి రావాలి. మామగారు దిగివచ్చి తాళం తిప్పి, ఆఫ్ చేసి, మేకుకు తగిలిస్తారు. అదీ రసీదు. బండి మీద పచ్చలైటు వెలుగుతున్నంతసేపూ పిలుపు అందనట్టు లెక్క, ఆరిందంటే పళ్ళాలు పెట్టొచ్చు.

నాలుగైదు నెలలుగా ఆ పద్ధతి గడియారంలా నడుస్తోంది. ఆయన ఇంట్లో ఉన్న రోజున మాత్రం హారను ఉండదు, తనే మేడెక్కి నాన్నను పిలుచుకొస్తాడు.

సోమవారం మధ్యాహ్నం అత్తగారు హారను కొట్టి లోపలికి వచ్చింది. ఇల్లాలు కూర దించి, పళ్ళాలు తుడిచి, మంచినీళ్ళు పెట్టి, కిటికీలోంచి చూసింది. పచ్చలైటు వెలుగుతూనే ఉంది. ఓడకు జిగురు పెడుతున్నారు కాబోలు. ఈలోపు బండి హ్యాండిల్ మీద ఆరేసిన వంటింటి గుడ్డలు తీసుకొద్దామని వసారాలోకి వెళ్ళింది. ఒక గుడ్డ జారి ట్యాంకు కిందికి పడింది. చెయ్యి పెట్టి తియ్యబోయింది.

"అమ్మా!"

చెయ్యి వెనక్కి లాక్కుంది. మణికట్టు మీద ఎర్రటి గీత. ఆమె నమ్మలేక చూసింది. ఇంజను మీద చెయ్యేసింది, చల్లగా ఉంది. సైలెన్సరు ముట్టుకుంది, చల్లగా ఉంది. నిన్న సాయంత్రం నుంచి ఆ బండి అడుగు కదల్లేదు. కానీ ఎర్ర చీటీ అంటించిన ఆ కాయిలు ఇప్పుడే దించిన పెనంలా కాలుతోంది. చీటీ అంచు ముడుచుకుని గోధుమరంగు తిరిగింది.

ఇంజను ఆగి తాళం ఆన్‌లో ఉంటే. అన్నయ్య గొంతు ఆమె చెవిలో స్పష్టంగా వినపడింది.

ఆమె చూపు కాయిలు మీదినుంచి పచ్చలైటు మీదికి, పచ్చలైటు మీదినుంచి తాళం మీదికి, అక్కడినుంచి మేడ మెట్ల మీదికి వెళ్ళింది. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి మాట ఎలా ఉన్నా, ఈ దొంగ రోజూ మధ్యాహ్నం రెండుసార్లు హారను కొట్టి మరీ దొంగతనం చేస్తుంటే ఇంటిల్లిపాదీ పళ్ళాలు పెట్టుకుని కూర్చున్నారు. అందులోనూ వారంలో సగం రోజులు ఆ హారను కొట్టింది తనే. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివింది కూడా తనే. అన్నయ్య ముందు నిలబడి "ఎప్పుడూ మర్చిపోరు" అన్నదీ తనే.

మామగారు వేళ్ళకంటిన జిగురు నలుపుకుంటూ తీరిగ్గా దిగారు.

"మామయ్యగారూ," అంది గట్టిగా, "రోజూ ఇంతసేపు పడుతుందా మీకు దిగడానికి?"

"జిగురు ఆరొద్దూ అమ్మాయ్? మధ్యలో వదిలేస్తే తెరచాప కూలిపోతుంది." తాళం తిప్పి మేకుకు తగిలించి, సంతృప్తిగా చేతులు దులుపుకున్నారు. "అయినా మీ ఆయన పద్ధతి మంచిదే. లైటు వెలుగుతూ ఉంటుంది కనుక ఎవరూ కంగారుపడరు."

*

ఆ సాయంత్రం ఆయన ఆఫీసునుంచి వచ్చేసరికి ఇల్లాలు ఏమీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ముందు కాదంటాడు, తర్వాత వాళ్ళ నాన్నను అంటాడు, ఆఖరికి కాయిలు వాసన చూస్తాడు. అందుకని వసారాలో కుర్చీ వేసి, టీ తెచ్చి ఇచ్చి, మెల్లిగా వెళ్ళి తాళం తిప్పి, హారను రెండుసార్లు కొట్టింది.

"ఇప్పుడెందుకే?" అన్నాడాయన.

"మామయ్యగారు కూడా టీ తాగుతారని."

"నేను పిలిచేవాణ్ణిగా."

"మీరు అలిసిపోయి వచ్చారు కదా. ఏవండీ, నాకొకటి చెప్పండి. కాయిలు మంచిదో కాదో చూడగానే ఎలా చెబుతారు మీరు?"

ఆకలిగా ఉన్నవాడి ముందు విందు పరిచినట్టయింది. ఆయన టీకప్పుతో సహా లేచి బండి దగ్గరికి వచ్చాడు. ముందు పైపూత చూడాలన్నాడు. తర్వాత వైరు మందం. ఆ తర్వాత బరువు. డూప్లికేటుకు తీగచుట్లు తక్కువుంటాయి కనుక తేలిగ్గా ఉంటుందన్నాడు. ఇల్లాలు ఊకొడుతూ, సందేహాలు అడుగుతూ, అడిగినవే మళ్ళీ అడుగుతూ, ఆయన పొడుగుచేసిన ప్రతి మాటనూ ఇంకా పొడుగుచేసింది. మేడమీద జిగురు ఆరుతోంది. బండి మీద పచ్చలైటు వెలుగుతోంది. టీ చల్లారిపోయింది.

"అన్నిటికన్నా ముఖ్యం వేడి," అన్నాడు ఆఖరుకి. "అసలైన కాయిలు వేడెక్కదు. చూడు, చెయ్యేసి చూపిస్తా."

అరచెయ్యి నిండుగా కాయిలు మీద వేశాడు.

ఆయన అరిచిన అరుపుకు పక్కింటి కిటికీ తెరుచుకుంది. వంటగదిలోంచి అత్తగారు పరుగెత్తుకొచ్చింది. ఆయన అరచేతిని నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ బండి వైపు చూస్తున్నాడు, పెంపుడు కుక్క కరిచినట్టు.

"ఇదేంటి? ఇంజను కూడా స్టార్ట్ చెయ్యలేదు కదా!"

"లేదు," అంది ఇల్లాలు.

"మరి ఎందుకింత వేడి? తాళం..." ఆయన చూపు పచ్చలైటు మీద పడింది. "తాళం ఎవరు ఆన్‌లో వదిలేశారు?"

"వదిలెయ్యలేదు. పద్ధతి ప్రకారం ఉంచాను. ఇంకా రసీదు రాలేదు కదండీ."

ఆమె తన మణికట్టు మీది ఎర్రగీత చూపించింది. "ఇది మధ్యాహ్నానిది. అత్తయ్య కొట్టినప్పుడు. రోజూ ఇంతే."

"రోజూనా?" అంది అత్తగారు బుగ్గన చెయ్యి వేసుకుని. "అయ్యో, నేను రోజూ దానికి నిప్పెట్టి వస్తున్నానా!"

సరిగ్గా అప్పుడే మామగారు దిగివచ్చి, ముగ్గురి మొహాలూ చూసి, ఏమీ అర్థం కాక, తాళం తిప్పి మేకుకు తగిలించారు. "అందింది, అందింది," అన్నారు.

ఆయన కిక్కు కొట్టాడు. బండి లేవలేదు. మళ్ళీ కొట్టాడు. చెమటలు పట్టేదాకా కొట్టాడు. ఎర్ర చీటీ కింద నల్లటి చుక్క ఒకటి పుట్టి, బొట్టుగా పెరిగి, నేల మీద పడింది. ఆయన వంగి చూశాడు. జీవితంలో మొదటిసారి, వాసన చూడలేదు.

లేచి నిలబడి, "మీ అన్నయ్యకి ఫోను చేస్తాను," అన్నాడు.

"ఫోనులో కాదు," అంది ఇల్లాలు. "మీరు రోడ్డు దాటడం వీధంతా చూసింది. మళ్ళీ ఇటు దాటడం కూడా చూడాలి."

*

మర్నాడు సెలవు పెట్టి, భార్యను వెంటబెట్టుకుని వెళ్ళాడు. అరచేతికి కట్టు. బస్సు దిగగానే ఎదురుకొట్టాయన లేచి స్టూలు బయటికి తెచ్చాడు. ఆయన తల దించుకుని స్టూలు పక్కనుంచి నడిచి, రోడ్డు దాటి, అన్నయ్య కొట్టు మెట్లెక్కాడు. కొట్లో మొన్నటి మెకానిక్కుల్లో ఒకడున్నాడు. గిరాకీ అంతే.

"ఏం కావాలండీ?" అన్నాడు అన్నయ్య.

ఆ "అండీ"కి ఆయన నిన్న కాయిలు ముట్టుకున్నప్పటికన్నా ఎక్కువ ఉలిక్కిపడ్డాడు.

"కాయిలు," అన్నాడు మెల్లిగా.

అన్నయ్య లోపలికి వెళ్ళి మూడు కాయిళ్ళు తెచ్చి వరసగా అద్దం మీద పెట్టాడు. మూడూ నల్లవే, మూడూ ఒకే సైజు. "చూసుకోండి. మీకు నచ్చింది తీసుకోండి. నేనేమీ చెప్పను. చెబితే మళ్ళీ మాటొస్తుంది."

ఆయన చూశాడు. పైపూత చూశాడు, వైరు మందం చూశాడు, కట్టు కట్టిన చేత్తో ఒక్కొక్కదాన్నీ తూచాడు. నిన్న వసారాలో ఉపన్యాసమిచ్చిన మనిషి ఇవాళ మూడు నల్లముక్కల ముందు పరీక్ష హాల్లో కుర్రాడిలా చెమటలు కక్కుతున్నాడు. ఆఖరికి మధ్యదాన్ని తీసి ముందుకు జరిపాడు.

"ఇదివ్వండి."

అన్నయ్య దాన్ని తీసుకున్నాడు. కాగితంలో పెట్టాడు. ఒక మడత వేశాడు. రెండో మడత వెయ్యబోయి ఆగాడు. కాసేపు ఆ పొట్లం వైపే చూసి, విప్పి, కాయిలు వెనక్కి తీసేశాడు.

"ఇది మీ బండికి పనికిరాదు," అన్నాడు, కోపం ఇంకా గొంతులో ఉండగానే. "ఇది ఎలక్ట్రానిక్ బళ్ళది. పాయింట్ల బండికి వేస్తే రెండూ పాడవుతాయి. ఇదిగో, ఇది తీసుకోండి." చివరిదాన్ని తెచ్చి ముందు పెట్టాడు. "నా మీద నమ్మకం లేకపోతే ఎదురుగా అడిగి చూసుకోండి. కానీ తప్పుది మాత్రం నా కొట్లోంచి పోనివ్వను."

ఆయన కాయిలు ముట్టుకోలేదు. దాన్ని చూస్తూ నిలబడ్డాడు. తేలు కుట్టిన దొంగలా ఉంది మొహం.

"పొరపాటు జరిగింది," అన్నాడు గొణుగుతూ.

"ఎక్కడండీ?"

"మా ఇంట్లో. హారను... భోజనాలకి పిలవడానికి తాళం ఆన్‌లో ఉంచుతున్నారు. చాలాసేపు. రోజూ."

అన్నయ్య చేతిలో కాగితం జారిపోయింది. "రోజూనా? ఇంజను ఆపి ఉండగానా? ఎవరు బావా అంత తెలివైనవాళ్ళు?"

'బావా' అన్న మాట అతని నోటినుంచి అతనికే తెలియకుండా వచ్చింది. ఆయన తలెత్తాడు. మెకానిక్కు చెవులు రిక్కించి నిలబడ్డాడు. రోడ్డుకు అటువైపు ఎదురుకొట్టాయన స్టూలు మీద కూర్చుని ఇటే చూస్తున్నాడు. ఇల్లాలు మొన్న ఇదే చోట తన మీద పడ్డ చూపుల్ని గుర్తు చేసుకుంటూ, ఆయనకు సాయం చెయ్యకుండా ఊరుకుంది.

ఆయన గుమ్మం వైపు తిరిగాడు. ఎవరికి ఎంతవరకు వినపడాలో లెక్క వేసుకున్నట్టు ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"నేనే," అన్నాడు, వీధి అవతలికి వినపడేలా. "ఆ పద్ధతి పెట్టింది నేనే. మా బావ ఇచ్చిన ప్రతి కాయిలూ ఒరిజినలే. వాటిని కాల్చింది నేను, దొంగతనం అంటగట్టింది ఆయనకి. తప్పు నాది. ముమ్మాటికీ నాదే తప్పు."